నీళ్ల నొప్పి

నడుము నొప్పి సంగతి ఎర్రమట్టిగూడెం బాలస్వామికి తెలిసినంతగా నల్లగొండలో ఏ డాక్టరుకూ తెలియదని ఊళ్లో అందరూ అనేవాళ్లు. ఊళ్లోవాళ్ల మాటకేం గానీ, బాలస్వామి కూడా అదే అనుకునేవాడు. తంటా అంతా అక్కడే వచ్చింది.

అలా అనుకోవడంలో అతని తప్పు కూడా పెద్దగా లేదు పాపం. చండూరు దాటి లోపలికి పోతే వచ్చే ఆ ఊరి బోర్లలో ఫ్లోరైడ్ నీళ్లు పడేవి. అవి తాగి తాగి నలభై ఏళ్లు నిండకముందే అతని వెన్ను బిగుసుకుపోయి నడుము వంగింది. నిలబడితే చూపు కాలివేళ్ల మీదే ఉంటుంది. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు ఇంటింటికీ మంచినీళ్ల నల్లాలు బిగించారు. అప్పటికే వంగిన నడుములకు మాత్రం ఏ నల్లా ఏం చేస్తుంది?

అధికారులు వచ్చినా, పేపరోళ్లు వచ్చినా, పట్నం పిల్లలు కెమెరాలు పట్టుకుని వచ్చినా ముందు బాలస్వామి ఇంటికే తోలుకొచ్చేవాళ్లు. చొక్కా విప్పి వీపు చూపించడం అతనికి అలవాటైపోయింది. ఒకసారి హైదరాబాద్ ధర్నాలో మైకు చేతికిస్తే పది నిమిషాలు మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నాడు. తన ఎక్స్‌రేలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి దూలానికి వేలాడదీశాడు. ఎవడన్నా వచ్చి నడుము పట్టేసిందంటే చాలు, వాడు కూర్చున్న తీరు, లేచిన తీరు ఒకసారి చూసి తీర్పు చెప్పేసేవాడు. అతని దృష్టిలో నొప్పులు మూడే మూడు. నీళ్ల నొప్పి, బరువు నొప్పి, బద్ధకం నొప్పి. మొదటిదానికి మందు లేదు, రెండోది పడుకుంటే పోతుంది, మూడోది తంతే పోతుంది. జనం నవ్వేవాళ్లు. నవ్విన తర్వాత అతని మాటే వినేవాళ్లు.

ఆ తీర్పు చివరికి కన్నకొడుకు మీద కూడా చెప్పాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

కొడుకు పేరు రాకేష్. ఒక్కగానొక్కడు. ఇంటర్ తప్పాక మళ్లీ పుస్తకం ముట్టనంటే బీరమ్మ ఏడ్చింది గానీ, బాలస్వామికి లోపల్లోపల సంతోషమే అయింది. అప్పుడే సర్కారు గొర్ల పథకం కింద ఇరవై గొర్లు, ఒక పొట్టేలు వచ్చాయి. ఇంట్లో ఉన్నవాటితో కలిసి మంద ముప్పై దాటింది. బాలస్వామి నడవలేడు, మందకు నడిచే మనిషి కావాలి. రాకేష్ కట్టె భుజాన వేసుకుని గుట్టల దిక్కు పోతుంటే మంద అతని వెంట పడి పరుగెత్తేది. పొడుగు మనిషి, పొడుగు అంగలు. వాడు పోతున్నంత సేపూ తండ్రి అరుగు మీద కూర్చుని, ఒళ్లు పక్కకు తిప్పుకుని మరీ చూసేవాడు. తన నడుము వంగితే వంగింది, కొడుకు నడుము నిటారుగా ఉందని ఆ ముసలి ప్రాణానికి అంత నిబ్బరం.

రాకేష్‌కు ఇరవై ఒకటో ఏడు నడుస్తుండగా ఆ నొప్పి మొదలైంది. ఎక్కడా పడలేదు, ఏ బరువూ ఎత్తలేదు. పొద్దున్నే మంచం మీద నుంచి లేవడానికి గోడ పట్టుకునేవాడు. వంగి చెప్పులు వేసుకోలేక గుమ్మంలో నిలబడి ఊపిరి బిగబట్టేవాడు. నడుము అడుగున, పిరుదుల దగ్గర, ఒకరోజు ఈ పక్క, ఒకరోజు ఆ పక్క పట్టేసేది. దొడ్డి తడిక తీసేసరికి పక్కింటి గోపమ్మ మంద సగం గుట్ట ఎక్కేది. అదే రాకేష్ పగటిపూట గొర్ల వెనక వాగులు దూకేవాడు. పొద్దుగూకితే బడి గ్రౌండ్‌లో వాలీబాల్ ఆడేవాడు.

బాలస్వామి ఇదంతా చూశాడు. చూడకపోతే బాధ లేకపోయేది. తనకు తెలిసిన నొప్పి పనిచేస్తే పెరుగుతుంది, ఒరిగితే కాస్త ఊరుకుంటుంది. వీడిది పడుకుంటే వస్తుందట, పని చేస్తే పోతుందట. లోకంలో అట్లాంటి నొప్పి ఉంటుందా? ఇంకేముంది, మూడో రకం అని తీర్పు చెప్పేశాడు. ఒకరోజు చెంబెడు నీళ్లు మొహాన కొట్టి లేపాడు. ఇంకోరోజు హోటల్ దగ్గర పదిమంది చాయ్ తాగుతుంటే, మావోడికి పొద్దుగాల నొప్పి, పొద్దుమీకి వాలీబాల్ అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. రాకేష్ కూడా తల దించుకుని నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు బాలస్వామికి నోట్లో ముద్ద దిగదు.

బీరమ్మ మాత్రం మొదటినుంచీ మొత్తుకుంది. పోరడు అబద్ధమాడేటోడు కాదు, వాడి కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయి, జర చూడమని. పొయ్యి కాడ ఉండేదానివి నీకేం తెలుసని కసిరాడు. ఆమె ఊరుకోక ఆర్‌ఎంపీ డానియల్ దగ్గరికి కొడుకును తోలుకుపోయింది. డానియల్ ఊళ్లో సూదిమందు ఇచ్చే మనిషి, నెమ్మదస్థుడు. నొప్పికీ వాపుకూ ఏదో గోలీ ఇచ్చాడు. అది వేసుకున్న మర్నాడు రాకేష్ కోడికూతతో లేచి కూర్చున్నాడు. వారం రోజులు ఇంట్లో పండగే. ఆ తర్వాత బాలస్వామి గోలీలు గుంజుకుని దాచేశాడు. ఒక్క గోలీతో మాయమయ్యేది నొప్పే కాదన్నాడు, ఊరికే మింగితే కిడ్నీలు పోతాయన్నాడు.

డానియల్ ఇంటికి వచ్చి అరుగు కింద నిలబడి మెల్లగా చెప్పి చూశాడు.

"పెద్దయ్యా, పిలగానికి పండుకుంటెనే ఎందుకు నొస్తుందో నాకు సమజైతలేదు. నాకు తెల్వనిది తెలుసని అనను. పట్నంల ఒక్కసారి పెద్ద డాక్టర్‌కు చూపియ్యుర్రి."

"నడుము నొప్పి గురించి నాకు చెప్పొచ్చినవా?" అన్నాడు బాలస్వామి. అంతే. డానియల్ మళ్లీ ఆ ఊసెత్తలేదు. పాపం వాడు మాత్రం ఎన్నిసార్లు చెబుతాడు?

రెండేళ్లు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం రాకేష్ దొడ్డి దగ్గర గొర్రెపిల్లకు పాలు పట్టిస్తున్నాడు. బాలస్వామి వెనక నుంచి పేరు పెట్టి పిలిచాడు. మామూలుగా ఎవరైనా మెడ తిప్పి చూస్తారు. రాకేష్ మెడ తిప్పలేదు. పాదాలతో సహా మొత్తం మనిషి తిరిగాడు.

అది బాలస్వామికి బాగా తెలిసిన తిరగడం. పదిహేనేళ్లుగా తాను తిరుగుతున్న తీరే అది. అక్కడే, దొడ్డి మట్టిలో కూలబడ్డాడు. బీరమ్మ పరుగున వచ్చి ఏమైందని అడిగింది. అతనిది ఒకటే మాట. వీడు నా నీళ్లే తాగిండు, నా బోరు నీళ్లే తాగిండు అని రొమ్ము గుద్దుకున్నాడు.

ఆ మాటకు ఒక కథ ఉంది. రాకేష్ చిన్నప్పుడు ఊరికి ట్యాంకర్‌లో మంచినీళ్లు వచ్చేవి. ఆ నీళ్ల కోసం బీరమ్మ బిందె పట్టుకుని వరసలో నిలబడేది. బాలస్వామి మాత్రం కొడుకును భుజాన ఎక్కించుకుని చెలకకు తీసుకుపోయి, తన బోరు దగ్గర దోసిలి పట్టించేవాడు. మనయి తియ్యటి నీళ్లు కొడుకా అని మురుసుకుంటూ తాగించేవాడు. ఆ తియ్యదనమే కొడుకు ఎముకల్లోకి దిగిందని ఆ మధ్యాహ్నం అతనికి ఖాయమైపోయింది. తీర్పు మారిపోయింది. బద్ధకం నొప్పి కాస్తా నీళ్ల నొప్పి అయింది. దానికి మందు లేదని ఊరందరికీ చెప్పిన నోరు అతనిదే. మరి ఇక డాక్టర్లెందుకు? ఎక్స్‌రే ఎందుకు? వంగే నడుమును డాక్టరు ఆపగలిగితే తన నడుమును ఆపి ఉండడా?

మందు లేదు సరే, నడక బాధన్నా తప్పిద్దామనుకున్నాడు. ఒక్కో అడుగు వేస్తే తనకు నడుములో ఎట్లా పోటు పొడుస్తుందో అతనికి తెలుసు. ఆ పోటు కొడుక్కు వద్దు. మర్నాడే రాకేష్ చేతిలోంచి కట్టె తీసుకున్నాడు. ఊరి చివర నీళ్ల ప్లాంటు పెట్టిన కృష్ణకాంత్ దగ్గరికి పోయి, పోరనికి కూర్చునే పని ఇప్పించమని బతిమాలాడు. క్యాన్లు ఎత్తే పని ఇంకొకరిది. రాకేష్ పని కుర్చీలో కూర్చుని పేర్లు రాసుకోవడం, మోటరు వేయడం, ఆపడం. మెత్తటి కుర్చీ కావాలని మరీ అడిగాడు తండ్రి. కృష్ణకాంత్ మంచివాడు, తన కుర్చీయే ఇచ్చాడు.

మంద వెంట బాలస్వామి పోవడం మొదలుపెట్టాడు. యాభై దాటిన మనిషి, నేల తప్ప ఏదీ కనపడని నడుము. రోజుకు ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు. గొర్రె తప్పిపోతే తల ఎత్తి వెతకలేడు, అరుపు విని పోవాల్సిందే. సాయంత్రం ఇంటికొచ్చి అరుగు మీద పక్కకు ఒరిగితే బీరమ్మ కాళ్లకు ఆముదం రాసేది. ఇంత నొప్పి ఎందుకు పడుతున్నవయ్యా అంటే, నా కొడుకు పడేదానికంటే ఎక్కువనా అనేవాడు. ఊళ్లో ఆడవాళ్లు తండ్రంటే గట్లుండాలె అని చెప్పుకున్నారు. గోపమ్మ ఆ మాట ఇంటికొచ్చి మరీ చెప్పింది. వినడానికి బాలస్వామికి ఇష్టంగానే ఉండేది, దాచడమెందుకు? చెంబెడు నీళ్లు మొహాన కొట్టిన పాపం ఆ నడకతో కొంచెం కొంచెం కడుక్కుంటున్నాననుకున్నాడు.

అట్లా నాలుగేళ్లు. కుర్చీలో కూర్చున్న రాకేష్ ఏటికేడు బిగుసుకుపోయాడు. వాలీబాల్ పోయింది. పొద్దున గంటలో సడలే నడుము పగలంతా సడలడం మానేసింది. తుమ్మితే పక్కటెముకలు పట్టుకునేవాడు. మెల్లమెల్లగా చూపు కిందికి దిగింది. తండ్రి ఇదంతా చూస్తూ, నీళ్లు తమ పని చేసుకుంటూ పోతున్నాయి, నయం, నడక బాధన్నా తప్పించాననుకున్నాడు. ఎంత బుద్ధితక్కువ! ఒక్కసారైనా, కుర్చీ ఎక్కాకే వీడు పాడయ్యాడు కదా అని తట్టలేదు.

అసలు జబ్బు బయటపడింది మాత్రం కంటి వల్ల. రాకేష్ కన్ను ఎర్రబడేది. ఇంతకు ముందు రెండుసార్లు అయితే కండ్ల కలక అనుకుని మందుల షాపులో చుక్కలు తెచ్చి వేశారు. మూడోసారి వెలుతురు చూడలేక తలుపులు మూసుకుని కూర్చునే దాకా వచ్చింది. బీరమ్మ భయపడి తండ్రీకొడుకులిద్దరినీ నల్లగొండకు పంపింది. అక్కడ కంటి డాక్టరు లైటు వేసి లోపలికి చూశాడు. చూసి, ఎప్పటినుంచి నడుము నొప్పి అని అడిగాడు. బాలస్వామికి నవ్వొచ్చింది. కన్ను చూపించడానికి వస్తే నడుము అడుగుతాడేంది ఈయన? కంటి డాక్టరు నవ్వలేదు. కంటికి మందిచ్చి, ఆలస్యం చేయకుండా హైదరాబాద్‌లో కీళ్ల డాక్టరుకు చూపించమని చీటీ రాసిచ్చాడు. కన్ను పోతుందేమోనన్న భయం లేకపోతే బాలస్వామి ఆ చీటీ కూడా దూలానికి వేలాడదీసేవాడే.

కీళ్ల డాక్టరు పేరు శ్రీదేవి. ఆమెది పాలమూరు వైపు. మాట మనవాళ్ల మాటే. రాకేష్‌ను ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. నొప్పి పడుకుంటే ఎక్కువా, తిరిగితే ఎక్కువా? పొద్దున లేచాక సడలడానికి ఎంతసేపు పడుతుంది? తెల్లారుజామున నొప్పికే మెలకువ వస్తుందా? ప్రతిదానికీ బాలస్వామే ముందుపడి జవాబిచ్చాడు. తిరిగితేనే ఎక్కువ మేడమ్, పొద్దుమీకేవరకు చచ్చిపోతం అని. నాలుగో ప్రశ్నకు ఆమె పెన్ను కింద పెట్టింది.

"పెద్దయ్యా, నేను నీ నొప్పి అడుగుతలేను. ఆయన నొప్పి అడుగుతున్న."

బాలస్వామికి తల కొట్టేసినట్టయింది. అప్పుడు రాకేష్ చెప్పాడు. పడుకుంటే బిగుసుకుంటుంది. తెల్లవారుజామున మెలకువ వస్తే లేచి వాకిట్లో తిరుగుతాడు. తిరిగితే సడలుతుంది. మొదట్లో ఎక్కువ తిరిగిన రోజు అసలు నొప్పే ఉండేది కాదు. ఆరేళ్లయింది. కొడుకు ఇంతసేపు మాట్లాడటం తండ్రి ఎన్నేళ్లుగానో వినలేదు.

రక్త పరీక్షలు, ఎక్స్‌రేలు అయ్యాయి. బాలస్వామి తన ప్లాస్టిక్ సంచి వెంట తెచ్చుకున్నాడు, ఊరుకుంటాడా? తన ఫిల్ములు తీసి టేబుల్ మీద పరిచి, ఇద్దరిదీ ఒక్కటే మేడమ్, నీళ్ల నొప్పి, మా ఊరి నీళ్లు గట్లాంటివి అన్నాడు. శ్రీదేవి చిరాకు పడలేదు. తండ్రి ముంజేతి ఫిల్ము, కొడుకు ముంజేతి ఫిల్ము పక్కపక్కన లైటుకు పెట్టింది. తండ్రి చేతిలో రెండు ఎముకల నడుమ తెల్లగా సున్నం పేరుకున్నట్టు ఉంది. కొడుకు చేతిలో ఏమీ లేదు. శుభ్రంగా, నల్లగా ఉంది. ఆ తర్వాత కొడుకు నడుము ఫిల్ము పెట్టి, వెన్నుపూస కింద తుంటి ఎముకతో కలిసే చోట వేలు పెట్టింది. అక్కడ ఒక సందు ఉండాలట. లేదు. రెండు ఎముకలూ అతుక్కుపోయాయి.

ఇది నీళ్ల వల్ల కాదని చెప్పింది. ఒంటిని రోగాల నుంచి కాపాడే శక్తే దారి తప్పి సొంత కీళ్ల మీద పడుతుందట. ముందు నడుము అడుగున వాపు వస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఎముక ఎముకను పట్టుకుంటుంది. సాధారణంగా వయసులో ఉన్నప్పుడే, ఇరవైల్లో మొదలవుతుంది. కన్ను ఎర్రబడటం కూడా దాని పనే. ఈ కాలం పిల్లల్లో నడుము నొప్పులు ఎక్కువే, బండ్ల మీద తిరిగేవాళ్లకు, బస్తాలు మోసేవాళ్లకు, దినమంతా కూర్చునేవాళ్లకు వస్తాయి గానీ, అవి చాలావరకు కాస్త ఒరిగితే తగ్గుతాయి. ఇది ఒరిగితే పెరుగుతుంది, కదిలితే తగ్గుతుంది. గుర్తుపట్టడానికి మొదటి ఆనవాలు అదే అంది.

మొదటి ఆనవాలు. దాన్ని పట్టుకునే కదా కొడుకును పదిమందిలో నవ్వులపాలు చేసింది! బాలస్వామి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

మందు ఉందా అని రాకేష్ అడిగాడు. ఉందంది. గోలీలున్నాయి, సూదిమందులున్నాయి, వ్యాయామం ఉంది. అతుక్కున్నది విడదీయలేం గానీ పైన వెన్ను, మెడ ఇంకా పూర్తిగా పోలేదు, వాటిని కాపాడుకోవచ్చు, ఇకమీదట జీవితమంతా కదులుతూనే ఉండాలని చెప్పింది. మొదట్లోనే వచ్చుంటే ఎట్లుండేదని బాలస్వామి అడిగాడు. అడగకుండా ఉండలేకపోయాడు. ఆమె ఫిల్ముల వైపు చూసి, ఇంత వంగేవాడు కాదేమో అంది.

ఆ తర్వాత మామూలుగానే, ఏం పని చేస్తవని రాకేష్‌ను అడిగింది. నీళ్ల ప్లాంటులో కూర్చునే పని అన్నాడు. ఎంతసేపు? పొద్దంతా. ఎన్నేళ్లనుంచి? నాలుగేళ్లు. అంతకు ముందు? గొర్లు కాసేది, రోజుకు తొమ్మిది కిలోమీటర్లు, ఎక్కువే ఉండొచ్చు.

"అయ్యో," అంది డాక్టర్. "అది ఇడువకుండ ఉండాల్సింది. ఎవరు మాన్పించిన్రు?"

నేనే అన్నట్టు బాలస్వామి చేయి కొంచెం పైకెత్తాడు, బడిలో తప్పు చేసిన పిల్లవాడిలాగా. ఆమె అతని వంగిన వీపును, తెచ్చుకున్న సంచినీ చూసింది. మందులు రాసి, రోజూ చేయాల్సిన వ్యాయామాలు బొమ్మలతో సహా ఇచ్చి, నెలకొకసారి రమ్మంది. నువ్వు కావాలని చేసింది కాదు కదా పెద్దయ్యా అని కూడా అంది. మంచి మాటే. బాలస్వామికి అది ఎక్కడా ఆనలేదు.

తిరుగు బస్సు చౌటుప్పల్‌లో ఆగింది. పది నిమిషాలు, చాయ్ తాగేవాళ్లు తాగండని కండక్టర్ అరిచాడు. ఇన్నాళ్లూ ఎక్కడ బస్సు ఆగినా రాకేష్ సీట్లోనే ఉండేవాడు, తండ్రి దిగి చాయ్ తెచ్చిచ్చేవాడు. ఈసారి రాకేష్ ముందు లేచాడు. దిగి, బస్సు పక్కన ఈ చివరి నుంచి ఆ చివరికి నడవడం మొదలుపెట్టాడు. మెట్టు మీద చేయి ఆనించుకుంటూ తండ్రి కూడా దిగాడు. నాలుగు తిరుగుళ్లు తిరిగేసరికి కొడుకు అడుగు కొంచెం పొడుగైంది. పొద్దు ఇంకా వాలలేదు, రోడ్డు మీద లారీలు పోతున్నాయి.

బాలస్వామికి ఆరేళ్లలో తాను చేసినవన్నీ ఒక్కొక్కటే ఎదురొస్తున్నాయి. మొహాన కొట్టిన నీళ్లు, గుంజుకున్న గోలీలు, డానియల్‌ను అన్న మాట. అన్నిటికంటే బరువుగా ఉన్నది మాత్రం అవి కావు. నాలుగేళ్ల నడక. తన కాళ్లు పుండ్లు పడ్డ నడక. ఊరంతా మెచ్చుకున్న నడక. తాను నడిచిన ప్రతి అడుగూ కొడుకుకు మందు అయి ఉండేదట. ఆ మందంతా తానే నడిచి పారేశాడు. కోపంతో కొడితే ఒక తీరు, ప్రేమతో కూర్చోబెట్టి చంపితే ఇంకో తీరు. దీనికి ఎవరి కాళ్లు పట్టుకోవాలి?

కొడుకు దగ్గరికి రాగానే అడిగాడు. గొంతులో నిష్ఠూరం కూడా ఉంది. పాపం, ఎంత కూలిపోయినా మనిషికి కాస్త తప్పు ఎదుటివాడి మీద పెట్టాలనిపిస్తుంది.

"నడిస్తె తగ్గుతదని నీకు తెలుసు గదరా. గా కుర్చీల నాలుగేండ్లు గట్లనే ఎట్ల కూసున్నవ్? ఒక్క మాట నాకు చెప్పకపోతివి?"

రాకేష్ ఆగాడు. అతని మొహంలో కోపం లేదు. ఉంటే బాగుండునని బాలస్వామికి అనిపించింది.

"చెప్పిన బాపు."

"ఎప్పుడు?"

"నువ్వు మంద తీసుకపోయిన మూడో దినం. అరుగు మీద ఒరిగినవ్, అమ్మ నీ కాళ్లకు ఆముదం రాస్తుంది. నేనొచ్చి, నడిస్తెనే నాకు మంచిగైతది బాపు, రేపటి సంది నేనే పోత అన్న. నువ్వు నా చెయ్యి పట్టుకుని ఏడ్చినవ్. గీ ఒక్కటన్న నీకోసం చెయ్యనియ్యి బిడ్డా అన్నవ్. చిన్నపిల్లగాని లెక్క ఏడ్చినవ్." రాకేష్ పాదాలతో సహా బస్సు దిక్కు తిరిగాడు. "ఇగ మళ్ల అనబుద్ధి కాలె."

కండక్టర్ విజిల్ వేశాడు. జనం ఎక్కుతున్నారు. బాలస్వామి కదల్లేదు. ఆ సాయంత్రం అతనికి గుర్తుంది. ఆముదం వాసన గుర్తుంది, కొడుకు చేయి పట్టుకోవడం గుర్తుంది, ఏడ్వడం గుర్తుంది, ఏడ్చాక గుండె తేలికపడటం కూడా గుర్తుంది. కొడుకు అన్న మాట మాత్రం ఎంత వెతుక్కున్నా గుర్తుకు రాలేదు.